రెండు ఊదలు, ఒకటే మందు: ఇందుకూరుపేట వైపు ఐదెకరాల వరి కేసు

నెల్లూరు డెల్టాలో ఇందుకూరుపేట వైపు ఒక రైతు తన ఐదెకరాల వరిలో ఊద అనే కలుపు గడ్డికి మందు కొట్టించారు. పది రోజులు గడిచినా ఊద చావలేదు. మందు నకిలీదని ఆయన అనుమానం. డోసు చాలలేదు, రెట్టింపు కొట్టమని షాపులో సలహా. రెండోసారి డబ్బా విప్పేముందు ఒకసారి చూసిపొమ్మని నాకు ఫోన్ చేశారు. పంటలు చూసి సలహా చెప్పడమే నా పని కాబట్టి ఇలాంటి ఫోన్లు ప్రతి రబీలోనూ వస్తాయి. ఈ కేసును వివరంగా రాస్తున్నది మాత్రం ఒక్క కారణంతో. ఆ ఐదెకరాల్లో ఉన్నవి రెండు వేరు వేరు గడ్డి జాతులు. మనవాళ్లు రెండింటినీ ఊద అనే అంటారు. ఒకటి ఎకినోక్లోవా కొలోనా, రెండోది ఎకినోక్లోవా క్రస్ గల్లి. ఇక్కడ సులువుగా ఉండేందుకు మొదటిదాన్ని చిన్న ఊద అనీ, రెండోదాన్ని పెద్ద ఊద అనీ రాస్తాను.

ఇవి ఎంత మొండివో చెప్పడానికి ఒక్క విషయం చాలు. ప్రపంచంలోని అతి చెడ్డ కలుపు మొక్కలకు 1970ల్లో శాస్త్రవేత్తలు వరుస కడితే తుంగ మొదటి స్థానంలో, గరిక రెండో స్థానంలో నిలిచాయి. మూడో స్థానం పెద్ద ఊదది, నాలుగోది చిన్న ఊదది.

పొలం పరిస్థితి

ఐదెకరాలూ ఒకే చెక్క అయినా మట్టం ఒకటి కాదు. కాలువ వైపు మూడెకరాలు మిట్ట, అవతలి రెండెకరాలు పల్లం. వానలు తెరిపిచ్చాక డిసెంబరులో మిట్ట కయ్యల్లో దమ్ము చేసి, మొలకకట్టిన విత్తనం వెదజల్లారు. పల్లంలో నీళ్లు నిలుస్తాయి గనక అక్కడ నారు పోసి నాటించారు. రకం రెండు చోట్లా ఎన్.ఎల్.ఆర్. 34449, అంటే నెల్లూరు మసూరి. విత్తనం ఇంటిదే, కిందటేడు పల్లపు కయ్యల్లో పండించి దాచింది.

మిట్టలో వెద పెట్టిన మూడు నాలుగు రోజులకు వేయాల్సిన కలుపు మందు మళ్లీ వాన పట్టడంతో తప్పిపోయింది. పల్లంలో మాత్రం నాటిన తర్వాత ప్రెటిలాక్లోర్ అనే కలుపు మందును ఇసుకలో కలిపి సకాలంలోనే చల్లారు. ఈ ఒక్క తేడా తర్వాత నాకు చాలా పనికొచ్చింది. ఆ పైన ఊద మందు, అంటే బిస్పైరిబాక్ సోడియం 10 శాతం, ఎకరాకు 100 మిల్లీలీటర్లు, ఐదెకరాలకూ ఒకే రోజు కొట్టించారు. స్ప్రేయర్ వాళ్లు ఒక పట్టాన దొరకరు, వచ్చినప్పుడే అంతా కొట్టించేయాలన్నది ఆయన ఆలోచన. ఆ రోజుకు మిట్టలో వెదపెట్టి నెల దాటింది. పల్లంలో నాటి 25 రోజులైంది, నారుమడి రోజులు కూడా కలిపితే ఆ మొక్కల వయసు 50 రోజులకు దగ్గర.

పీకి చూస్తే

గట్టు మీద నిలబడి చూస్తే రెండు చోట్లా పచ్చగా ఊదే. దిగి, వేళ్లతో సహా పీకి, కాలువలో కడిగి, గట్టు మీద పక్కపక్కన పరిచాను. ముందు వరికీ ఊదకీ తేడా చూపించాను. వరి ఆకు కాండాన్ని పట్టుకునే చోట, ఆకును కొంచెం వెనక్కి వంచితే తెల్లటి పలుచని పొర కనిపిస్తుంది, కొస రెండుగా చీలి ఉంటుంది. దాని పక్కనే నూగుతో కొక్కెంలాంటి చిన్న చెవులు రెండు. ఊదకు ఆ పొర లేదు, చెవులు లేవు. ఆ చోటు నున్నగా ఉంటుంది. ఈ విషయంలో రెండు ఊదలూ ఒకటే. నారుమడిలో మూడు నాలుగు ఆకుల దశ నుంచే ఈ గుర్తు పనిచేస్తుంది.

ఇక రెండు ఊదల మధ్య తేడా. మిట్టలో పీకినవి దాదాపు అన్నీ చిన్న ఊద. మొదలు దగ్గర కాడలు పక్కకు వాలి, మోకాలు మడిచినట్టు వంగి పైకి లేచాయి. నేలకు తగిలిన కింది కణుపుల్లో కొత్త వేళ్లు దిగాయి. ఆకు సన్నం, మామూలుగా సెంటీమీటరు లోపే. కొన్ని మొక్కల ఆకులకు అడ్డంగా ఊదారంగు పట్టీలున్నాయి. ఆ పట్టీ కనిపిస్తే చిన్న ఊదే అని ధైర్యంగా చెప్పొచ్చు. కనిపించకపోతే మాత్రం ఏమీ తేలదు, పట్టీలు లేని చిన్న ఊద మొక్కలు ఎన్నైనా ఉంటాయి. అప్పటికే కొన్ని మొక్కలు వెన్ను తీశాయి. వెన్ను చిన్నది, దాని మీద విడివిడిగా పొట్టి కంకులు, ఒక్కోటి ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు. గింజలు రెండు మూడు మిల్లీమీటర్లు, నాలుగు వరుసల్లో పేర్చినట్టుంటాయి, ముల్లు ఉండదు.

పల్లంలో పీకినది వేరే బాపతు. నిటారుగా వరితో సమంగా నిలబడింది. కాడ లావు, ఆకు రెట్టింపు వెడల్పు. వెన్ను ఇంకా రాలేదు కాబట్టి కిందటేడు రాలగా మిగిలిన గింజలు విత్తనం బస్తాలో ఏమైనా ఉన్నాయేమో చూద్దామని ఇంటికి వెళ్లి నాలుగు దోసిళ్లు చాటలో పోయించాను. దొరికాయి. మూడు నాలుగు మిల్లీమీటర్ల గింజలు, కొన్నింటికి పొడవాటి ముల్లు, కొన్నింటికి లేదు. ముల్లుంటే పెద్ద ఊద, లేకపోతే చిన్న ఊద అని కొందరు చెబుతుంటారు, అది నమ్మొద్దు. పెద్ద ఊదలో ముల్లు లేనివీ బోలెడు. గింజ సైజు, కంకి పొడవు చూడాలి. పెద్ద ఊద కంకులు పది సెంటీమీటర్ల దాకా సాగుతాయి, కింది కంకుల్లో మళ్లీ పిల్ల కొమ్మలుంటాయి.

ఆ రోజు పక్క పొలంలో కలుపు తీస్తున్న ఆడవాళ్ల ముఠా మేస్త్రీని పిలిచి రెండు మొక్కలూ చూపించాను. ఆమె ఒక్క చూపులో చెప్పింది: "ఇదైతే పాకతాది సార్, కాలికి తగిలితేనే తెలస్తాది. అదైతే వరి మాదిరే నిలబడతాది, దుబ్బు చీలిస్తేగాని దొరకదు." పుస్తకంలో రెండు పేజీలు పట్టే తేడా అది. కలుపు తీసేవాళ్లకు తెలిసినంతగా ఊద గురించి మందు కొట్టించేవాళ్లకు తెలియదని నా అభిప్రాయం. ఆ ముఠాలను అడగకుండా మందు ఎంచుకోవడం మన దగ్గర పెద్ద లోపం.

దుబ్బు చీల్చి చూడటమే ఈ కేసులో కీలకం. పల్లంలో నాలుగైదు చోట్ల వరుసలు పట్టుకుని నడిచాం. పెద్ద ఊద దాదాపు ప్రతిసారీ వరి దుబ్బులోనే ఉంది. వరుసల మధ్య ఖాళీ నేలలో లేదు. అంటే అది నేలలోంచి మొలవలేదు, నారు కట్టతో పాటు వచ్చి చేత్తో నాటబడింది. ప్రెటిలాక్లోర్ మొలకెత్తుతున్న గింజను చంపుతుంది. వరుసల మధ్య అది తన పని తాను చేసింది. నారుతో నాటిన 25 రోజుల ఊద మొక్కను అది ఏమీ చేయలేదు.

నీళ్ల దగ్గర రెండూ వేరు

చూపుకు దగ్గరి చుట్టాలైనా నీళ్ల విషయంలో ఈ రెండు గడ్ల స్వభావం వేరు. చిన్న ఊద గింజ వెలుతురు తగిలే చోట, నేల పైపొరలో, గాలి ఆడే తడి నేలలో బాగా మొలుస్తుంది. కయ్యలో పలుచగా అయినా నీళ్లు వదలకుండా నిలిస్తే దాని మొలక బాగా తగ్గిపోతుంది. ఐదారు సెంటీమీటర్ల లోతున పడితే పైకి రావడం కష్టం. పెద్ద ఊద అలా కాదు. గాలి ఆడని బురదలోనూ, నీళ్ల కిందా దాని గింజ మొలకెత్తగలదు. లోతు నీళ్లు దాన్నీ తగ్గిస్తాయి గానీ పూర్తిగా ఆపవు. వరితో పాటు వేల ఏళ్లు బతికి, వరి కయ్యకు అలవాటుపడిన గడ్డి అది.

ఈ ఒక్క ముక్క తెలిస్తే పొలం మ్యాపు దానంతటదే గీసుకున్నట్టవుతుంది. మిట్టలో నీళ్లు నిలవవు, అక్కడ చిన్న ఊద. ఆ మూడెకరాల్లో కూడా ఎగుడుదిగుడు చూస్తే, దమ్ములో మట్టం సరిగా రాని గడ్డల మీదే ఊద దట్టంగా ఉంది. రెండు బెత్తెల దూరంలో నీళ్లు నిలిచిన చోట పలుచన. పల్లంలో పెద్ద ఊద, అదీ నారుతో వచ్చింది.

ఒక విషయం రెండింటికీ ఒకటే, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. ఎండతో ఆహారం తయారుచేసుకునే తీరులో వరి సీ3 పంట, ఊదలు రెండూ సీ4 గడ్లు. ఎండ, వేడి పెరిగేకొద్దీ వరికంటే ఇవి వేగంగా పెరుగుతాయి. అందుకే రబీలో అదుపులో ఉన్నట్టు కనిపించిన పొలం ఎడగారులో, అంటే రబీ తర్వాత వేసే రెండో పంటలో, ఊద కింద మునిగిపోతుంది.

రెండూ బంధువులేగానీ ఒకటి కాదనడానికి ఇంకో సాక్ష్యం మన వంటింట్లోనే ఉంది. ఈమధ్య చిరుధాన్యాల షాపుల్లో కొంటున్న ఊదలు చిన్న ఊద నుంచి మనిషి సాగులోకి తెచ్చుకున్న పంట. జపాన్‌లో పండించే ఊదలకు తల్లి పెద్ద ఊద. ప్రతి పంటా తన తల్లి గడ్డితో సంకరమై గింజనిస్తుంది, అవతలి జంటతో కలిపితే వచ్చే సంకరం గొడ్డు. రెండింటికీ క్రోమోజోములు 54 చొప్పునే ఉన్నా సంగతి ఇది. ఇంత దూరం జరిగిన రెండు జాతులను పొలంలో మనం ఒక్క పేరుతో, ఒక్క డబ్బాతో ఎదుర్కొంటున్నాం.

మందు ఎందుకు ఓడింది

మందు నకిలీది కాదని నా నిర్ధారణ. మిట్ట కయ్యల్లో ఆలస్యంగా మొలిచిన రెండు మూడాకుల చిన్న ఊద ఆ స్ప్రేకే పసుపురంగుకు తిరిగి చచ్చింది. పని చేయని మందైతే అవీ బతికేవి. బిస్పైరిబాక్‌కు సరైన అదను ఊద రెండు నుంచి నాలుగు ఆకుల దశ. మిట్టలో కొట్టేనాటికి ముందు మొలిచిన మొక్కలు పిలకలు వేసి, కణుపుల్లో వేళ్లు దించాయి. వాటికి కొసలు పండాయి, వారం తిరిగేసరికి మొదట్లోంచి కొత్త పిలక లేచింది. పైగా కొట్టిన తర్వాత 48 గంటల్లో నీళ్లు పెట్టాలి. అక్కడ కాలువ వంతు రాక, ఆ పని జరగలేదు. నేల ఆరేసరికి మరో విడత చిన్న ఊద మొలిచింది. ఒక్క స్ప్రే మీద మూడు తప్పులు పడ్డాయి: వయసు మీరింది, నీళ్లు పెట్టలేదు, కొత్త మొలకకు దారి తెరిచారు.

పల్లంలో కారణాలు పూర్తిగా వేరు. అక్కడి పెద్ద ఊదకు వరి వయసే, అంటే 50 రోజులు. ఆ వయసు మొక్కకు ఆ మందు సరిపోదు. చిన్నాచితకా మొక్కలు ఉన్నా నీళ్లు తీయకుండా కొట్టారు కాబట్టి అవి సగానికి పైగా నీళ్లలోనే మునిగి ఉన్నాయి. ఈ మందు ప్రధానంగా ఆకు మీద పడి లోపలికి పోవాలి. కలుపు మొక్క మూడింట రెండొంతులైనా నీటి పైన తేలేలా నీళ్లు తీసి కొట్టాలి.

రెట్టింపు డోసు వద్దని గట్టిగా చెప్పాను. ముదిరిన ఊదను అది చంపదు. వరి మాత్రం పసుపెక్కి ఆగుతుంది, అదీ పల్లంలో చిరుపొట్టకు తిరిగే వేళ. ఇంకో నష్టం కళ్లకు కనిపించదు. ఒకే తరహా మందును ఏటా వాడుతూ, అర్ధప్రాణంతో మిగిలిన మొక్కలను గింజకు వదిలేస్తే, మందును తట్టుకునే ఊదను మనమే ఏరి పెంచినట్టవుతుంది. ఈ తరహా మందులకు లొంగని ఊద ఇప్పటికే చాలా దేశాల్లో తయారైంది.

ఏం చేశాం

"కూలోళ్లకు పెట్టే డబ్బుతో రెండు మందులొస్తాయి కదా సార్" అన్నారు ఆయన. ఆ మాటలో న్యాయముంది, కలుపు కూలి ఎంత భారమో నాకు తెలుసు. అందుకే ఐదెకరాలకూ కలుపు తీయించమని చెప్పలేదు, కయ్యను బట్టి విడగొట్టాం.

మిట్టలో కొత్తగా మొలిచిన రెండు మూడాకుల ఊద దట్టంగా ఉన్న ఎకరంలో తరహా మార్చి సైహలోఫాప్ బ్యుటైల్ 10 శాతం అనే వేరే కలుపు మందు కొట్టించాం. నీళ్లు తీసి కొట్టి, మర్నాడు దాటాక ఇంజనుతో నీళ్లు పెట్టించాం. అందులో వెడల్పాకు కలుపు కోసం 2,4-డి కలపబోతే ఆపాను. ఆ రెండూ కలిస్తే ఊద మీద మందు పట్టు తగ్గుతుంది. మిగతా మిట్టలో ముదిరిన దుబ్బులను, వెన్ను తీసినవాటితో మొదలుపెట్టి, చేత్తో పీకించాం. చిన్న ఊద నెల దాటీ దాటకముందే వెన్ను తీస్తుంది, గింజ త్వరగా పండి రాలుతుంది. వరి కోతకొచ్చేసరికి దాని తర్వాతి తరం నేలలో చేరిపోయి ఉంటుంది. అందుకే వెన్ను తీసినవాటికి తొందర.

పల్లంలో మందు మాటే లేదు. ముఠా మేస్త్రీని పెట్టుకుని, వరుస వెంట దుబ్బు చీల్చి పెద్ద ఊదను మాత్రం తీయించాం. కొత్తవాళ్లను ఆ పనికి పంపవద్దని ఆమె చెప్పిన మాట విన్నాం. పీకింది ఏదైనా గట్టు మీద వేయనివ్వలేదు. తడి గట్టు మీద చిన్న ఊద కణుపుల్లోంచి మళ్లీ వేరు దించుతుంది, వెన్ను ఉన్నదైతే అక్కడే గింజ రాలుస్తుంది. బరకం మీద మోసి కళ్లం పక్కన ఎండేశారు, గేదెలకు కొంత వేశారు. గేదెలు రెండింటినీ ఇష్టంగా తిన్నాయి.

కోతలో మిట్ట ఎకరాలకు ఎకరానికి పుట్టి దాకా తగ్గిందని ఆయన లెక్క. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు, చిన్న నష్టం కాదు. పల్లంలో తగ్గినట్టు అనిపించలేదన్నారు. నా లెక్కలో అసలు నష్టం మొదటి నెలలోనే జరిగిపోయింది, పీకడం వల్ల దక్కింది ఎక్కువగా తర్వాతి పంటకే.

తర్వాతి పంట

సోమశిల జలాశయం నీళ్లు అందడంతో ఎడగారు వేశారు. ఈసారి మిట్టకూ పల్లానికీ వేర్వేరు ఏర్పాట్లు.

మిట్టకు లేజర్ లెవెలర్ బాడుగకు తెచ్చి మట్టం చేయించారు. నా మట్టుకు చిన్న ఊదకు అన్నిటికంటే పెద్ద మందు అదే. తర్వాత దుక్కి తడిపి పది పన్నెండు రోజులు వదిలేశాం. పైపొరలోని చిన్న ఊద గింజ ఒకేసారి పచ్చగా లేచింది. అప్పుడు పలుచగా దమ్ము చేసి తొక్కించాం. వెద పెట్టిన మూడు నాలుగు రోజుల్లో సేఫ్‌నర్, అంటే వరి మొలకను మందు నుంచి కాపాడే పదార్థం, కలిసిన ప్రెటిలాక్లోర్ వేయించాం. వెద వరికి సేఫ్‌నర్ ఉన్నదే వాడాలి, మామూలుది వేస్తే వరి మొలకే దెబ్బతింటుంది. మొక్క నిలదొక్కుకున్నాక నీళ్లు పలుచగా వదలకుండా పెట్టారు. గట్ల మీద ఊదను వెన్ను రాకముందే కోయించారు. ఆ మూడెకరాల్లో చిన్న ఊద అక్కడక్కడా తప్ప కనబడలేదు.

పల్లంలో పని విత్తనంతోనే మొదలైంది. ఇంటి విత్తనం మాని ధ్రువీకరించిన విత్తనం తెచ్చారు. దాన్నీ ఉప్పు నీళ్లలో పోసి తేలిన తాలు, కలుపు గింజ తీసేసి, మంచి నీళ్లతో కడిగి నానబెట్టారు. నారుమడి చోటు మార్చారు. నారు పీకడానికి ముందు మేస్త్రీ మడిలోకి దిగి, ఆకు మొదట్లో పొర లేని ప్రతి మొక్కనూ ఏరేసింది. అంత చిన్న మడిలో ఆ పని అరపూటలో అయిపోయింది. అదే పని రెండెకరాల్లో దుబ్బు చీల్చి చేయాలంటే ఎంత కూలి అవుతుందో కిందటి పంటలో ఆయన చూశారు.

అయినా పల్లంలో పెద్ద ఊద పూర్తిగా పోలేదు. ఈసారి దుబ్బుల్లో లేదు, వరుసల మధ్య వచ్చింది. అంటే నేలలో పాత గింజ ఉంది. పెద్ద ఊద గింజ రాలిన వెంటనే మొలవదు, కొంత కాలం నిద్రలో ఉంటుంది, ఏళ్ల తరబడి నేలలో బతికి విడతలుగా మొలుస్తుంది. మిట్టలో పనిచేసిన తడిపి మొలిపించే పద్ధతికి ఇక్కడ కొంతే లొంగడానికి కారణం అదే. లోతు దుక్కి చేస్తే కింద పడ్డ గింజ మళ్లీ పైకొస్తుంది కాబట్టి ఆ రెండెకరాల్లో రెండు మూడు పంటల వరకు పైపైనే దున్నమని చెప్పాను.

ఇంకో సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. పల్లంలో ఒక మూల, మూడాకుల దశలో, నీళ్లు తీసి, సరైన డోసులో కొట్టిన బిస్పైరిబాక్‌కు కూడా కొన్ని పెద్ద ఊద మొక్కలు చావలేదు. పక్కనే ఉన్నవి చచ్చాయి. నాజిల్ తప్పిన గీత అయితే వరుసగా బతకాలి, ఇవి చెదురుమదురుగా బతికాయి. వాటిని పీకొద్దని చెప్పి, వెన్ను మీద కాగితం సంచులు కట్టించి, గింజ రాలకుండా పట్టించాను. ఆ గింజ నిద్ర తీరాక కుండీల్లో పోసి, పక్కన చిన్న ఊదనూ, వేరే ఊరి పెద్ద ఊదనూ పెట్టి, సగం డోసు, మామూలు డోసు, రెట్టింపు డోసు కొట్టి చూస్తాను. అప్పటిదాకా ఆ మూలలో ఏ మందూ కొట్టకుండా చేత్తోనే తీయించమని చెప్పాను. ఆయన అందుకు ఒప్పుకున్నారు.